కాన్వాస్ సంచి: కాడలు తెగకుండా, అడుగు చిరగకుండా

కాన్వాస్ సంచిలో పెద్ద పనితనమేమీ కనిపించదు. ఒక మందపాటి నూలు బట్ట ముక్క, రెండు కాడలు, కొన్ని కుట్లు, అంతే. జిప్పు లేదు కాబట్టి జిప్పు పాడవదు. లైనింగు లేదు కాబట్టి అది ఊడి చేతికి చుట్టుకోదు. మడిచి ఇంకో సంచిలో పడేయొచ్చు, తెరిస్తే పది పన్నెండు లీటర్ల సామాను పడుతుంది, మాసిపోతే బకెట్లో నానబెట్టి ఉతికేయొచ్చు. ఖరీదైన బ్యాగులు బీరువాలో ఉన్నా, బయటికి వెళ్లేటప్పుడు చెయ్యి దీనిమీదికే పోవడానికి ఇదే కారణం.

ఇంత సాదా వస్తువు కాబట్టే ఇది చెడిపోయే చోట్లను కూడా వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. కాడలు అతికిన నాలుగు చోట్లు, అడుగున రెండు మూలలు, పక్క కుట్ల పైకొసలు రెండు. మొత్తం ఎనిమిది. మిగతా బట్టంతా నిక్షేపంలా ఉన్నా వీటిలో ఏదో ఒకటి తెగిందంటే సంచి మూలన పడ్డట్టే. కొనేవారు చూడాల్సిందీ, కుట్టేవారు జాగ్రత్త పడాల్సిందీ ఈ ఎనిమిది చోట్లే. పైనున్న బొమ్మ ఎంత బాగుందన్నది తర్వాతి సంగతి.

బట్ట బరువు

కాన్వాస్‌ను బరువుతో కొలుస్తారు. పాత లెక్క ఔన్సులు, అంటే ఒక చదరపు గజం బట్ట ఎన్ని ఔన్సులు తూగుతుందని. కొత్త లెక్క జీఎస్ఎం, ఒక చదరపు మీటరు ఎన్ని గ్రాములని. ఒక ఔన్సు దాదాపు 34 జీఎస్ఎం. ఈ ఒక్క అంకె గుర్తుంటే చాలు, ఏ లేబుల్ మీద ఏ లెక్క రాసినా రెండోదానిలోకి మార్చుకోవచ్చు.

సభల్లో, ప్రదర్శనల్లో ఉచితంగా పంచే సంచులు సాధారణంగా 4 నుంచి 6 ఔన్సులవి. వెలుతురుకు అడ్డం పెడితే అవతలి చేతివేళ్లు కనిపిస్తాయి. రెండు పుస్తకాలు, ఒక కండువా వరకు వాటికి ఢోకా లేదు. నీళ్ల సీసా, ల్యాప్‌టాప్ పెట్టి రోజూ తిప్పితే మాత్రం కాడ దగ్గర బట్ట సాగి, నేతలో పోగులు విడిపోతాయి. 8 ఔన్సులంటే 270 జీఎస్ఎం. తేలికపాటి వాడకానికి అది సరిపోతుంది. 10 నుంచి 12 ఔన్సులు, అంటే 340 నుంచి 400 జీఎస్ఎం, రోజువారీ సంచికి సరైన బరువు. ఇది తనంతట తాను కాస్త నిలబడుతుంది, అయినా మడత పడుతుంది, ఇంట్లో ఉండే కుట్టు మిషన్ దీన్ని కుట్టగలదు.

అంతకన్నా మందం కావాలా? 16 ఔన్సులు దాటితే సంచి బల్లమీద పెట్టెలా నిలబడుతుంది. చూడ్డానికి బాగుంటుంది కానీ మడిచి దాచలేం, ఖాళీ సంచి బరువే పావుకిలో దాటుతుంది. ఇలాంటి బరువు సంచులకు పేరుపడ్డది అమెరికాలోని మెయిన్ రాష్ట్రానికి చెందిన ఎల్.ఎల్.బీన్ సంస్థ. అది 1944లో ఇలాంటి సంచిని మొదట తెచ్చింది ఐసుగడ్డలు మోయడానికి. ఐసుగడ్డలు మోయని మనకు 12 ఔన్సులు చాలు.

బరువుతోపాటు నేత కూడా చూడండి. ఒకే బరువున్న రెండు బట్టల్లో ఒకటి లావు పోగులతో వదులుగా నేసినది కావచ్చు, ఇంకొకటి సన్నపోగులు పేనిన దారంతో బిగుతుగా నేసినది కావచ్చు. రెండోదే మన్నుతుంది. గుర్తుపట్టడం తేలికే. బొటనవేలి గోటితో బట్టమీద అడ్డంగా గట్టిగా నెట్టండి. పోగులు పక్కకు జరిగి సందు కనిపిస్తే నేత వదులు. అలాంటి బట్టమీద ఎంత గట్టి కుట్టు వేసినా ఫలితం ఉండదు. దారం తెగకపోయినా, కుట్టుతో సహా పోగులు జారి బయటికి వచ్చేస్తాయి.

ఇంకో మోసం గంజి. కొత్త బట్ట గట్టిగా, బిర్రుగా ఉన్నంత మాత్రాన మందం అనుకోవద్దు. ఒక కొసను రెండు చేతుల మధ్య పెట్టి నలిపి చూడండి. తెల్లటి పొడి రాలి, నలిపినచోట మెత్తబడితే ఆ బిగువు గంజిదే. ఒక్క ఉతుకుతో పోతుంది.

కొనేటప్పుడు లోపలివైపు చూడండి

సంచిని తిరగేసి లోపలివైపు చూడటం మొదటి పని. కాడ పైఅంచు మడతలోకి దూరి, అక్కడ నలుచదరంగా కుట్టు పడి, మధ్యలో గుణకారం గుర్తులా రెండు అడ్డగీతలు ఉండాలి. ఆ చదరం ఎత్తు కనీసం ఒక అంగుళం ఉండాలి. ఒకే ఒక అడ్డకుట్టుతో కాడను అతికించి ఉంటే బరువంతా ఆ ఒక్క గీత మీదే పడుతుంది. సూది చేసిన రంధ్రాలు వరసగా ఉంటాయి కదా, కాగితం చింపడానికి ముందుగా చిల్లులు పెట్టినట్టే, బట్ట ఆ వరసలోనే చిరుగుతుంది. కాడ తెగిందని జనం అంటారు కానీ, చాలాసార్లు తెగేది కాడా కాదు, దారమూ కాదు, ఆ గీతకింద ఉన్న సంచి బట్ట.

పక్క కుట్ల దగ్గర అంచులు ఓవర్‌లాక్ చేసి (పోగులు ఊడకుండా దారం చుట్టి కుట్టి) ఉన్నాయా, పట్టీ వేసి మూశారా చూడండి. అంచు విప్పారి పోగులు వేలాడుతుంటే ఐదారు ఉతుకుల్లో అవి కుట్టుదాకా ఊడి వస్తాయి. అడుగున కుట్టు లేకుండా బట్టను మడిచి చేసినదైతే ఇంకా మంచిది. అక్కడ తెగడానికి కుట్టే ఉండదు.

కాడ పొడవు చాలామంది పట్టించుకోరు, తర్వాత రోజూ తిట్టుకుంటారు. భుజానికి తగిలించుకోవాలంటే సంచి పైఅంచు నుంచి కాడ నడినెత్తి దాకా 10 నుంచి 12 అంగుళాలు కావాలి. మందపాటి కోటు వేసుకునేవారికి 12 కన్నా తక్కువ పనికిరాదు. చేత్తో పట్టుకుని నడవడానికైతే 5, 6 అంగుళాలు. అంతకు మించితే పొట్టిగా ఉన్నవారికి సంచి నేలను రాసుకుంటుంది. 8 అంగుళాల కాడ ఉన్న సంచులు కూడా దొరుకుతాయి. అవి భుజానికి ఎక్కవు, చేతికి ఇమడవు.

ఎన్ని కొనాలన్న దానిమీద ఒక మాట. నూలు పండించి, నేసి, రంగు వేయడానికి నీళ్లూ విద్యుత్తూ బాగానే ఖర్చవుతాయి. బ్రిటన్ పర్యావరణ సంస్థ 2011లో వెలువరించిన నివేదిక ప్రకారం, వాతావరణ వేడి లెక్కలో ఒకసారి వాడి పారేసే పలుచని ప్లాస్టిక్ సంచికి దీటుగా రావాలంటే నూలు సంచిని 131 సార్లు వాడాలి. డెన్మార్క్ పర్యావరణ సంస్థ 2018లో వేసిన లెక్కలో వాతావరణం వరకైతే 52 సార్లు. ఓజోను పొరతో సహా అన్నిరకాల ప్రభావాలూ కలిపి చూస్తే 7,100 సార్లు. ఈ అంకెలు ఎలా వచ్చాయన్నదానిపై వాదాలున్నాయి. ఆ వాదాలు ఎటు తేలినా, తలుపు వెనక పదిహేను సంచులు వేలాడదీసి ఒకటే వాడటంలో అర్థం లేదు. రెండు మంచివి ఉంటే ఒకటి ఉతుకులో ఉన్నప్పుడు రెండోది చేతిలో ఉంటుంది.

ఇంట్లో కుట్టుకోవడం

కింద ఇచ్చిన కొలతలతో తయారయ్యే సంచి 14 అంగుళాల వెడల్పు, 15 అంగుళాల ఎత్తు, అడుగున 4 అంగుళాల లోతు ఉంటుంది. 12 ఔన్సుల బట్టతో కుడితే నవారుతో కలిపి పావుకిలో తూగుతుంది. కత్తిరింపు కొలత 19 అంగుళాల వెడల్పు, 38 అంగుళాల పొడవు, ఒకే ముక్క. లెక్క ఇదీ: వెడల్పులో 14కు అడుగు లోతు 4 కలిపి 18, రెండు పక్కల అర అంగుళం చొప్పున కుట్టు మార్జిన్. పొడవులో ముందు 15, వెనక 15, అడుగు 4, రెండు కొసల్లో పైమడతకు 2 చొప్పున 4. మీకు వేరే సైజు కావాలంటే ఇదే పద్ధతిలో అంకెలు మార్చుకోండి.

కత్తెర పట్టేముందు బట్టను తడపాలి. ఇది దాటేస్తే మిగతా శ్రమంతా వృథా. ఉతకని కాన్వాస్ మొదటి వేడినీళ్లకు 5 నుంచి 10 శాతం దాకా కుంచించుకుపోతుంది, పడుగు (నిలువు పోగుల) వైపు ఎక్కువ, పేక (అడ్డం పోగుల) వైపు తక్కువ. పదిశాతం పోతే 38 అంగుళాల ముక్క 34 అవుతుంది. కుట్టాక అలా ముడుచుకుంటే పాలిస్టర్ దారం మాత్రం ముడుచుకోదు కాబట్టి కుట్టువెంట బట్ట ముడతలు పడుతుంది. చెయ్యి తట్టుకోలేనంత వేడి నీళ్లలో రెండు గంటలు నానబెట్టండి. పిండకుండా ఆరేయండి, కాస్త తడి ఉండగానే వేడి ఇస్త్రీ చేయండి. నవారును కూడా తప్పకుండా తడిపి ఆరబెట్టాలి. అది బట్టకన్నా ఎక్కువ కుంచించుకుపోయే రకం కావచ్చు. 44 అంగుళాల పన్నా ఉన్న బట్ట ఒకటింబావు మీటరు తీసుకుంటే, కుంచించుకుపోయినా పక్కపక్కన రెండు సంచులు వస్తాయి, జేబులకు ముక్కలూ మిగులుతాయి.

ముక్క పొడవు పడుగు దిశలో, అంటే బట్ట గట్టి అంచుకు సమాంతరంగా ఉండేలా గీసుకోండి. బరువు లాగేది నిలువుగానే కదా, ఆ దిశలో తక్కువ సాగే పోగులు ఉండాలి. ఏటవాలుగా కత్తిరిస్తే సంచి వారం తిరక్కుండానే ఒకవైపుకు మెలిపడుతుంది.

కాడలకు ఒకటింబావు అంగుళం వెడల్పున్న నూలు నవారు 30 అంగుళాలవి రెండు. సంచి బట్టతోనే కాడలు చేసుకోవాలన్న మోజు చాలామందికి ఉంటుంది. 4 అంగుళాల పట్టీని నాలుగు పొరలుగా మడిచి కుట్టడం మామూలు పద్ధతి. 8 ఔన్సుల బట్టకైతే అది పర్వాలేదు. 12 ఔన్సులదైతే కాడ అతికే చోట పొరలు పది దాటుతాయి, ఇంటి మిషన్ అక్కడ మొరాయిస్తుంది, సూది విరుగుతుంది. నవారు వాడటమే తెలివైన పని.

సూది: 10, 12 ఔన్సుల బట్టకు 16 నంబరు, దానిమీద 100 అని కూడా ఉంటుంది. కాడలు, మూలలు కుట్టేటప్పుడు 18 నంబరుకు మారండి. జీన్స్ సూది దొరికితే అదే వేయండి, దాని మొన గట్టి నేతలోకి తేలిగ్గా దిగుతుంది. దారం పాలిస్టర్. నూలు దారం రాపిడికి ముందే అరిగిపోతుంది. టాకా పొడవు 3 నుంచి 3.5 మిల్లీమీటర్లు. దగ్గర దగ్గరగా కుడితే గట్టిగా ఉంటుందనుకోవడం పొరపాటు. మందపాటి బట్టలో దగ్గరి టాకాలంటే దగ్గరి చిల్లులు, అంతే.

ముక్క నాలుగంచులూ జిగ్‌జాగ్ లేదా ఓవర్‌లాక్ చేసుకోండి. సంచిలో ఎక్కువ బరువు పెట్టేవారు అడుగుకు రెండో పొర వేసుకోవాలి. 19 అంగుళాల వెడల్పు, 10 అంగుళాల ఎత్తు ముక్క తీసుకుని పొడవాటి అంచులు రెండూ అర అంగుళం లోపలికి మడిచి ఇస్త్రీ చేసి, పెద్ద ముక్క సరిగ్గా నడుమ బయటివైపు పెట్టి అంచువెంట రెండు వరసలు కుట్టండి. రంగు వేరేదైతే అందంగానూ ఉంటుంది. నేలమీద పెట్టినప్పుడు మురికి కూడా కనిపించదు.

ఇప్పుడు బట్ట మంచివైపు లోపలికి వచ్చేలా పొడవును సగానికి మడవండి. 38 అంగుళాలది 19 అవుతుంది, మడత దగ్గరే అడుగు. మడతను ఇస్త్రీతో గట్టిగా నొక్కి గీత పడనివ్వండి. రెండు పక్కలా అర అంగుళం మార్జిన్‌తో పైనుంచి కింది దాకా కుట్టండి, మొదట్లోనూ చివరా మూడు నాలుగు టాకాలు వెనక్కి. ఆ కుట్టుకు ఒక నూలు వాసి బయటగా ఇంకో వరస వేయండి. మొదటిది తెగినా రెండోది సంచిని పట్టి ఉంచుతుంది.

మూలలు కొత్తవారిని తికమక పెడతాయి. పక్క కుట్టును, అడుగు మడత గీతను ఒకదానిమీద ఒకటి పడేలా పట్టుకుని నొక్కితే మూల త్రికోణంలా పరుచుకుంటుంది. రెండు గీతలు కలిశాయో లేదో గుండుసూది గుచ్చి అవతలివైపు చూసుకోండి. త్రికోణం మొన నుంచి కుట్టువెంట 2 అంగుళాలు కొలిచి, అక్కడ అడ్డంగా గీత గీయండి. మొన అంటే కుట్టు మడతను తాకే చోటు, మార్జిన్ అంచు కాదు. చాలా సంచులు వంకరగా రావడానికి మూలం ఈ తేడాయే. గీత పొడవు సరిగ్గా 4 అంగుళాలు వస్తే కొలత కుదిరినట్టు. రెండో మూల కూడా గీసి, రెండూ సరిచూశాకే కుట్టండి, రెండు వరసలు. త్రికోణాలను కత్తిరించి పారేయకుండా అడుగువైపు మడిచి మొన దగ్గర నాలుగు టాకాలు వేస్తే ఆ మూలలకు అదనపు పొర దొరుకుతుంది.

జేబు కావాలంటే బయట కనిపించే కుట్టు లేకుండా వేలాడే జేబు వేయొచ్చు. 7 అంగుళాల వెడల్పు, 15 అంగుళాల పొడవు పలుచని బట్ట ముక్కకు ఒక కొసను ఒక అంగుళం మడిచి కుట్టి, ఆ కొసను 6 అంగుళాలు పైకి మడిచి పక్కలు కుట్టేస్తే జేబు. దాని రెండో కొసను పైమడతలో దూర్చేస్తారు. ఫోను, తాళాలు అడుగున వెతుక్కునే బాధ తప్పుతుంది.

పైఅంచును లోపలికి అర అంగుళం, మళ్లీ ఒకటిన్నర అంగుళం మడిచి ఇస్త్రీ చేయండి. అంతకు ముందే పక్క కుట్ల మార్జిన్‌ను పై 2 అంగుళాల మేర సగానికి కత్తిరించి, రెండువైపులా విప్పి పరిచి ఉంచండి. లేకపోతే మడతలో గుట్టలా తయారై సూది ఎక్కదు. ముందుభాగం నడుమ గుర్తు పెట్టి, అటూ ఇటూ రెండున్నర అంగుళాల దగ్గర కాడల లోపలి అంచులు వచ్చేలా చూసుకోండి. అంటే కాడ రెండు కాళ్ల మధ్య 5 అంగుళాల సందు. నవారు కొసను మడత కింది అంచులోకి ఒక అంగుళం దూర్చి, కాడను కిందికి వేలాడనిచ్చి, కచ్చా కుట్టు వేసి నిలపండి. కాడ మెలిపడలేదని చూసుకోండి. ఈ తప్పు కుట్టేశాకే కంటపడుతుంది.

మడత కింది అంచువెంట చుట్టూ ఒక వరస కుట్టండి. నవారు కొసలు అందులో పడిపోతాయి. ఇప్పుడు కాడను పైకి ఎత్తి, మడత ఎత్తంతా కలిసేలా నలుచదరంగా కుట్టి, మధ్యలో గుణకారం గుర్తు వేయండి. ఒక్కసారి చాలు. భయంకొద్దీ దానిమీదే మూడుసార్లు తిప్పితే బట్ట జల్లెడ అవుతుంది. చివరగా సంచి పైఅంచుకు పావు అంగుళం కింద చుట్టూ ఇంకో వరస. కాడను పైకి ఎత్తిన తర్వాత భుజానికి తగిలించుకోవడానికి పైఅంచు నుంచి దాదాపు 11 అంగుళాల కాడ మిగులుతుంది.

కుట్టేటప్పుడు వచ్చే తిప్పలు దాదాపు ఎప్పుడూ ఇవే. టాకాలు ఎగిరిపోతుంటే సూది సన్నదో, మొద్దుబారిందో అయివుంటుంది. కిందివైపు దారం ఉంగరాల్లా వస్తుంటే తప్పు బాబిన్‌ది కాదు, పై దారం టెన్షన్‌లో (దారాన్ని బిగువుగా పట్టే భాగంలో) సరిగా కూర్చోలేదు, మిషన్ పాదం, అంటే బట్టను నొక్కిపట్టే భాగం, ఎత్తి మళ్లీ దారం ఎక్కించండి. మందం మారే చోట పాదం వెనక్కి వాలి అక్కడే నిలిచిపోతే, పాదం వెనక అదే మందానికి మడిచిన బట్ట ముక్క పెట్టి ఎత్తు సమం చేయండి. మరీ మందమున్నచోట మోటారు నొక్కకుండా చక్రాన్ని చేత్తో తిప్పండి. ముందే సుత్తితో నాలుగు దెబ్బలు వేస్తే మడతలు అణిగి సూదికి దారి ఇస్తాయి. బట్టను వెనకనుంచి లాగడం మాత్రం వద్దు. సూది వంగి కింది పళ్లెంమీద తగిలి విరుగుతుంది, ముక్క కంటివైపు ఎగరొచ్చు.

అయ్యాక పరీక్ష. లీటరు సీసాలు ఎనిమిదింటిలో నీళ్లు నింపి సంచిలో పెట్టి, గట్టి కొక్కేనికి ఒక గంట వేలాడదీయండి. దించాక చదరపు కుట్టు చుట్టూ చూడండి. రంధ్రాలు కోలగా సాగి ఉంటే బట్ట ఆ బరువుకు చాలదు. అలాంటప్పుడు లోపలివైపు రెండు అంగుళాల చదరపు ముక్క పెట్టి మళ్లీ కుట్టాలి.

సర్దే తీరు

నోరు తెరిచి ఉండే సంచి ఇది. సుగుణమూ లోపమూ అదే. బరువైనవి అడుగున, వాటిలోనూ శరీరానికి ఆనుకునే వైపు పెట్టాలి. పుస్తకాలు, ల్యాప్‌టాప్ లాంటి పలకగా ఉండేవి వెనకవైపు నిలబెడితే సంచి నడుముకు అతుక్కుని ఊగకుండా ఉంటుంది. ల్యాప్‌టాప్ మూల అడుగు మూలలో గుచ్చుకుని ఉండటమే చాలా చిల్లులకు కారణం. దానికి తొడుగు వేయండి, లేదా అడుగున మందపాటి అట్ట పెట్టండి. అట్టను అడుగు కొలతకన్నా పావు అంగుళం తక్కువ కత్తిరించి మూలలు గుండ్రంగా చేయాలి. లేకపోతే ఆ అట్టే కత్తిలా పనిచేస్తుంది. చిల్లర వస్తువులన్నీ ఒక చిన్న సంచిలో వేసి దీనిలో వేస్తే, రేపు సంచి మార్చినా ఒక్క చేత్తో మార్చేయొచ్చు.

బట్ట పది కిలోలు మోసినా భుజం అన్ని మోయలేదు. నాలుగైదు కిలోలు దాటితే భుజం మార్చుతూ ఉండండి, లేదా రెండు సంచుల్లో పంచుకోండి. రద్దీలో సంచి నోరు చంక కిందికి రావాలి, వీపు వెనక్కి కాదు.

పచ్చి మాంసం, చేపలు తెచ్చే సంచి వేరేగా ఉండాలి, దానికి గుర్తుపట్టే రంగు కాడలు ఉంటే ఇంట్లో అందరికీ తెలుస్తుంది. సరుకుల సంచులను పరీక్షించి 2011లో ప్రచురించిన ఒక అమెరికన్ అధ్యయనంలో, సంచులను చేత్తోనో మిషన్‌లోనో ఉతికితే బ్యాక్టీరియా 99.9 శాతానికి పైగా తగ్గిపోయింది. అంటే జబ్బు సంచిది కాదు, ఉతకకపోవడానిది.

ఉతుకు, మరకలు

తిరగేసి, చల్లనీళ్లలో లేదా 30 డిగ్రీల నీళ్లలో, మామూలు సబ్బుపొడితో. రంగు సంచి మొదటి రెండు ఉతుకులూ విడిగా. ఉప్పు, వెనిగర్ వేస్తే నూలు రంగు నిలుస్తుందన్నది ఒట్టి నమ్మకం, అప్పటికే అద్దిన రంగు మీద వాటి ప్రభావం ఉండదు. కాడలు చేతి జిడ్డుకు ముందుగా నల్లబడతాయి, వాటికి సబ్బు రుద్ది బ్రష్‌తో తోమి పావుగంట ఉంచి తర్వాత మొత్తం ఉతకండి. తడిగా ఉండగానే కుట్లవెంట చేతులతో లాగి ఆకారం సరిచేయండి. నోరు కిందికి, అడుగు పైకి ఉండేలా తీగమీద వేయండి. అలా వేస్తే తడి మూలల్లో చేరదు. అన్నిటికన్నా ఆలస్యంగా ఆరేది అడుగు మూలలే, పొరలు అక్కడే ఎక్కువ. డ్రయ్యర్‌లో వేస్తే ఇంకాస్త కుంచించుకుపోతుంది.

బొమ్మ ఉన్న సంచి అయితే వేలితో తడిమి చూడండి. పైన రబ్బరు పొరలా తగిలితే దానిమీద నేరుగా ఇస్త్రీ పెట్టొద్దు, కరిగి ఇస్త్రీకి అంటుకుంటుంది. తిరగేసి చేయండి. బట్టలోకి ఇంకిపోయిన రంగుకు ఈ ఇబ్బంది లేదు.

నూనె మరకకు నీళ్లు తగలకముందే గిన్నెలు తోమే ద్రవం ఒకటి రెండు చుక్కలు వేసి రుద్ది, పది నిమిషాలు ఆగి వేడినీళ్లతో కడగాలి. బురదను ఆరనిచ్చి బ్రష్‌తో దులిపాకే తడపాలి. తడి బురదను రుద్దితే నేతలోకి వెళ్లి కూర్చుంటుంది. బాల్‌పెన్ సిరాకు స్పిరిట్ అద్దిన దూదితో ఒత్తండి, కింద ఇంకో పాత గుడ్డ పెట్టుకుని. టీ, కాఫీ మరకలకు రంగు లేని సంచినైతే ఆక్సిజన్ బ్లీచ్ కలిపిన గోరువెచ్చని నీళ్లలో గంటసేపు నానబెట్టొచ్చు. క్లోరిన్ బ్లీచ్ వద్దు. అది నూలు పోగుల బలాన్నే తినేస్తుంది, సహజరంగు కాన్వాస్ మీద తెల్లమచ్చలు కూడా వదులుతుంది. దాన్ని వెనిగర్‌తో కలిపితే విషవాయువు వస్తుంది.

లేతరంగు సంచి వెనకవైపు నీలిరంగు పట్టడం ఇంకో గోల. అది ముదురు జీన్స్ రాపిడితో వచ్చే రంగు. పేరుకోకముందే నెలకోసారి ఉతికితే చాలావరకు వదులుతుంది, ముదిరితే పూర్తిగా పోదు. కొత్త జీన్స్ వేసుకున్న రోజు బొమ్మ ఉన్న వైపు బయటికి తిప్పి తగిలించుకోవడమొక్కటే ఉపాయం.

వానకు భయపడక్కర్లేదు. నూలు పోగు తడిసినప్పుడు బలం పుంజుకుంటుందే తప్ప తగ్గదు. లోపలి కాగితాలు తడుస్తాయి, అంతే. అసలు శత్రువు తడిసిన సంచిని మడిచి మూలన పడేయడం. ఒకటి రెండు రోజుల్లోనే బూజు పడుతుంది. నల్లచుక్కలు కనిపిస్తే ఆరుబయట బ్రష్‌తో దులిపి, ఉతికి, ఎండలో ఆరనివ్వండి. వాసన పోతుంది కానీ ముదిరిన చుక్కలు బట్టమీద ఉండిపోతాయి.

తెగినప్పుడు

కాడ ఊగుతోందని తెలిసిన రోజే బాగుచేయాలి. పాత కుట్టు మొత్తం విప్పేయండి. లోపలివైపు రెండు అంగుళాల వెడల్పు, మూడు అంగుళాల ఎత్తు కాన్వాస్ ముక్కను అంచులు మడిచి పెట్టి, కొత్త కుట్టును పాత రంధ్రాల వరసకు బయటగా వేయండి. పాత చిల్లుల్లోనే మళ్లీ కుడితే నెల తిరక్కుండా అక్కడే చిరుగుతుంది. మిషన్ లేకపోతే దబ్బనం, మైనం రాసిన మందపాటి దారం చాలు. ప్రతి టాకాకూ సగం వెనక్కి వచ్చి కుట్టే వెనక కుట్టు మిషన్ కుట్టుకు ఏమాత్రం తీసిపోదు. ఒక టాకా తెగినా మిగతావి విడిపోవు.

అడుగు మూలలో చిల్లు పడితే దానిమీద నేరుగా దారంతో అల్లడం దండగ. అరిగిన బట్ట చిల్లు చుట్టూ ఇంకో అంగుళం మేర ఉంటుంది. వెలుతురుకు పెట్టి పలచబడిన మేరంతా చాక్‌పీసుతో గుర్తు పెట్టుకుని, దానికి అర అంగుళం బయటికి వచ్చేలా ముక్క కత్తిరించి, సంచిని తిరగేసి లోపలినుంచి వేయండి. కొత్త కాన్వాస్ ముక్కనైతే ముందు వేడినీళ్లలో తడిపి ఆరబెట్టాలి. పాత ప్యాంటు కాలు ముక్క అయితే ఆ పని కూడా లేదు, అది ఎన్నో ఉతుకుల్లో ఎప్పుడో కుంచించుకుపోయి ఉంటుంది.